రెండు వేళ్ళ బరువు

పోర్ట్ బ్లెయిర్ నుంచి విశాఖ. ముప్ఫై ఆరు వేల అడుగులు.
కింద సముద్రం ఉందని నమ్మడమే, కనిపించదు.
కెప్టెన్ చంగప్ప ఫ్లాస్కు మూత తిప్పుతున్నాడు,
ఎక్కడికెళ్ళినా తన ఊరి కాఫీయే తాగుతాడు.
మూత అంచున పాల తెట్టు. అది గుర్తుంది.

అద్దం మీద ఇసక రాలినట్టు చప్పుడు.
వాన కాదు, మంచు పలుకులు.
రాడార్‌కి కూడా ఆనలేదు.
విమానం ముక్కు పక్కన వేలంత గొట్టం ఒకటి ఉంటుంది,
గాలి ఎంత జోరుగా వస్తోందో చెప్పాల్సింది అదే.
దానికి ఊపిరాడలేదు.

వేగం అంకె రెండొందల యాభై నుంచి తొంభైకి
మెట్ల మీంచి కాలు జారినట్టు పడింది.
బూర మోగింది.
రెండు గంటలుగా విమానం నడుపుతున్న ఆటోపైలట్
ఒక్క మాట చెప్పకుండా
తాళాలు బల్ల మీద పడేసి వెళ్ళిపోయింది.

"నా చేతిలో ఉంది" అన్నాను.
"నీ చేతిలో ఉంది" అన్నాడు.
ఆ రెండు మాటల నడుమ కుడి రెక్క వాలిపోయింది.

చెయ్యి ఏం కోరుకుందో చెప్తాను. లాగమంది.
మెట్ట మీంచి పడుతున్న పిల్లని
జుట్టు పట్టుకునైనా లాగే చెయ్యి అది.
దానికి చదువు రాదు.
లాగాను కూడా. ఒక్క క్షణమే అనుకున్నాను,
మూడని తర్వాత రికార్డరు చెప్పింది.
ముక్కు లేచింది. సీటు వణికింది.
"స్టాల్, స్టాల్" అంది గొంతొకటి, కోపం లేకుండా,
స్టేషన్లో రైళ్ళ ఆలస్యాలు చదివే గొంతులా.

అక్కడ గాలి మరీ పలచన,
రెక్కకి పట్టు దొరకదు.
నెమ్మదిస్తే పడతావు, తొందరపడితే విరుగుతావు,
నడుమ దారి చీరంచంత.

పెద జాలారిపేటలో మా చిన్నాన్న మైలపల్లి ఎర్రయ్య
నా పదో ఏట మరబోటు సుక్కాని చేతికిచ్చి అన్నాడు:
"దాని పీక పిసక్కే గుంటా. ఒగ్గీ.
కెరటం దాటినాక అదే నీ సేతికొస్తాది."

అని ఇప్పుడు రాస్తున్నాను గానీ
ఆ వేళ చిన్నాన్న గుర్తుకి రాలేదు. ఎవరూ రాలేదు.
గుర్తొచ్చింది మూలలు నలిగిన పసుపు అట్ట:
ముందు ముక్కు దించు.
తర్వాత ముక్కు ఇంత, ఇంజను ఇంత.

దించాను.
పడుతున్నదాన్ని ఇంకాస్త పడనిచ్చాను.
కడుపు గొంతులోకొచ్చింది.
కాఫీ కప్పులోంచి లేచి
ఎటు పోవాలో గాల్లో ఆలోచించింది.
తలుపు వెనక కేకలు, పక్కింటి టీవీలా, దూరంగా.
రెండు వేళ్ళు చాలు. రెండే.
మిగతా మూడింటినీ ముడిచి కూర్చోబెట్టాను,
అల్లరి చేసే వెనకబెంచీని కూర్చోబెట్టినట్టు.
రెక్క మెల్లగా తన చోటికొచ్చింది.

రెండు వేల మూడొందల అడుగులు పోయాయి.
నలభై ఒక్క సెకన్లకి గొట్టం గొంతు సవరించుకుంది.
అంకెలు ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చాయి.
చంగప్ప చొక్కా నిండా కాఫీ.
"ఫర్వాలేదు" అన్నాడు.
కాఫీ గురించో నా గురించో ఇప్పటికీ అడగలేదు.

డాల్ఫిన్ నోస్ మీద దీపం తిరుగుతూ ఉంది.
ఓడరేవులో క్రేన్లు, బొగ్గు కుప్పలు,
స్టీల్ ప్లాంటు వైపు ఎర్రటి మసక.
చక్రాలు నేల తాకినప్పుడు ఎవరో చప్పట్లు కొట్టారు.
ఒకరే, అదీ సగంలో ఆపేశారు.
దిగేటప్పుడు టెక్కలి తాపీమేస్త్రీ అడిగాడు,
"ఏటమ్మా, దారి బాగోనేదా?"
"గోతులు బాబూ" అన్నాను.

తెల్లారి రేవుకెళ్ళాను.
చిన్నాన్న వల కుడుతున్నాడు.
అంతా చెప్పాను, సుక్కాని మాట కూడా.
"నానెప్పుడన్నాను?" అన్నాడు దారం కొరుకుతూ.

టీ కొట్టు కుర్రాడు గ్లాసు చాపాడు.
రెండు వేళ్ళతో పట్టుకునేంత చిన్న గ్లాసు.
రెండు చేతులతో అందుకున్నాను.
అయినా ఒలికింది.